నందికొండ మీదుగా: సాగర్ ట్రిప్పులో మనం చూసేదేంటి?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకి శనాదివారాలు ఊరు దాటి పోవడానికి ఉన్న దారులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వికారాబాద్, వరంగల్, శ్రీశైలం, లేదంటే సాగర్. టీములో కొత్తగా ఎవరు చేరినా మూడు నెలల్లోపు సాగర్ వెళ్ళొస్తారు. ఫోటోలు కూడా దాదాపు అందరివీ ఒకటే. డ్యామ్ గేట్లు, లాంచీ, కొండ మీద మ్యూజియం, ఎత్తిపోతల. ఓపికుంటే రెండో రోజు దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాకా పోయి ఫరహాబాద్‌లో సఫారీ. పులి కనపడదు. "పులి కనపడకపోయినా నేచర్ మాత్రం సూపర్ మామా" అని సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర చెప్పుకుంటారు.

ఆ 'నేచర్' అనే మాట దగ్గరే నాకు పేచీ. ఈ దారిలో మనం చూసేవాటిలో ఉన్నది ఉన్నట్టుగా ఉన్నవి చాలా తక్కువ. ద్వీపం మన తాతల తర్వాత పుట్టింది. జలపాతంలో వేసవి నీళ్ళు కాలవ నీళ్ళు. అభయారణ్యం డ్యామ్ కంటే చిన్నది. ఏది ఉంచాలి, ఏది ముంచాలి, ఎవరిని ఉండనివ్వాలి అని ఎవరో ఒకప్పుడు కూర్చుని నిర్ణయించారు. ఆ నిర్ణయాలే మన టూరిస్టు స్పాట్లు. ఈసారి వెళ్ళొచ్చాక దీని గురించి రాయాలనిపించింది.

పేరుతో మొదలుపెడతా. ఈ డ్యామ్ కాగితాల మీద పుట్టింది 'నందికొండ ప్రాజెక్టు' అనే పేరుతో. నందికొండ కృష్ణకి ఎడమ గట్టున, నల్లగొండ జిల్లాలో ఉన్న ఊరు. కృష్ణ నీళ్ళని పెన్నకి మళ్ళించి మద్రాసు వైపు తీసుకుపోయే కృష్ణా-పెన్నార్ పథకాన్ని మద్రాసు ప్రభుత్వం ముందుకు తెచ్చినప్పుడు ఆంధ్ర ప్రాంతంలో పెద్ద గొడవ లేచింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని పట్టుబట్టారు. కమిటీ వాళ్ళు 'అక్కడికి దారే లేదు' అని వెనక్కి పోకుండా ఆయన ఊళ్ళవాళ్ళతో కలిసి జీపులు పోయే దారి వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండనే సిఫారసు చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి మాత్రం పేరు నాగార్జునసాగర్ అయిపోయింది.

కుడిగట్టు వైపు నీళ్ళలో మునిగేది నాగార్జునకొండ లోయ. మునిగేదానికి కనీసం పేరైనా మిగిలింది, సంతోషమే. కానీ అదే ఊపులో నందికొండ పేరు మాయమైంది. దాని చుట్టూ పైలాన్ కాలనీ, హిల్ కాలనీ వచ్చాయి. అన్నట్టు, ఎడమ గట్టు కాలనీలకి విజయపురి నార్త్ అనీ, కుడి గట్టు కాలనీకి విజయపురి సౌత్ అనీ పేర్లు పెట్టారు. విజయపురి అంటే ఇక్ష్వాకుల రాజధాని. రాజధానిని నీళ్ళలో ముంచి దాని పేరు ఇంజనీర్ల క్వార్టర్లకి పెట్టడం, నార్త్, సౌత్ అని విడగొట్టి మరీ, మన గవర్నమెంటు వాళ్ళకే సాధ్యం. నందికొండకి మాత్రం 63 ఏళ్ళు పట్టింది. 2018లో కొత్త మున్సిపాలిటీలు ఏర్పాటు చేసినప్పుడు సాగర్ టౌనుకి నందికొండ మున్సిపాలిటీ అని పేరు పెట్టారు. ఇప్పుడు చెత్తబండి మీద ఆ పేరు కనపడుతుంది. నాకైతే చాలా ముచ్చటేసింది.

శంకుస్థాపన జరిగిన తేదీ ఇంకోసారి చూడండి. 1955 డిసెంబరు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. కుడిగట్టు ఆంధ్ర రాష్ట్రం, ఎడమగట్టు హైదరాబాద్ రాష్ట్రం. అంటే ఇది రెండు రాష్ట్రాలు కలిసి మొదలుపెట్టిన కట్ట. 1956లో ఒకటయ్యాయి, 2014లో మళ్ళీ రెండయ్యాయి. 2023 నవంబరు 30న, తెలంగాణ ఎన్నికల పోలింగ్ రోజు, తెల్లవారేసరికి ఆంధ్ర పోలీసులు 26 గేట్లలో 13 తమవని కట్ట మీద కంచె వేసి కూర్చున్నారు. తర్వాత కేంద్ర బలగాలని దింపాల్సి వచ్చింది. కట్ట మీద సెల్ఫీ దిగుదామని వెళ్ళిన మావాడొకడు తుపాకీ పట్టుకున్న జవానుని చూసి "ఇదేంట్రా, బార్డరా?" అన్నాడు. ఒక రకంగా బార్డరే మరి.

ఇక కట్ట సంగతి. సాగర్‌ది కాంక్రీటు డ్యామ్ అనుకునేవాళ్ళు మన ఇంజనీర్లలోనే చాలామంది ఉన్నారు. కాదు, రాతికట్టడం. రాయి చెక్కి, పేర్చి కట్టారు. రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదని పేరు. పునాది నుంచి ఎత్తు దాదాపు 125 మీటర్లు. అప్పట్లో సిమెంటు కొరత, పెద్ద యంత్రాలు కొనాలంటే విదేశీ మారకద్రవ్యం కావాలి, మన దగ్గర పుష్కలంగా ఉన్నది మనుషులు. కాబట్టి రాయి, మనుషులు. మేనేజ్‌మెంట్ భాషలో చెప్పాలంటే రిసోర్సులు చీప్. ఆ మాట మన ఆఫీసుల్లో ఎంత తేలిగ్గా వాడేస్తామో!

ఆ మనుషుల్లో చాలామంది పాలమూరు నుంచి వచ్చారు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి గుంపు మేస్త్రీల కింద అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో వలసపోయి దేశమంతా డ్యాములూ కాలవలూ కట్టినవాళ్ళు. 'పాలమూరు లేబర్' అనేది దేశమంతా కాంట్రాక్టర్లకి తెలిసిన మాట. వాళ్ళ ఊళ్ళకి మాత్రం కృష్ణ నీళ్ళు రాలేదు. సాగర్ ఎడమకాలవ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, ఖమ్మం వైపు పచ్చబడ్డాయి. మీరు హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా వస్తే దారిలో కనపడే దేవరకొండ వైపు మెట్టనేల మాత్రం కాలవకి ఎత్తులో ఉండిపోయింది. నీళ్ళు పల్లానికే పోతాయి కాబట్టి డ్యామ్ మీ జిల్లాలో ఉన్నంత మాత్రాన నీళ్ళు మీవి కావు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషులున్న జిల్లా కూడా ఈ నల్లగొండే.

హిల్ కాలనీ దగ్గర టీకొట్టులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. మాట కలిపాం.

"మా నాయిన ఈడ రాయి మోసిండు సార్. మేం పాలమూరోళ్ళం. కట్ట అయినంక ఈడనే ఉండిపోయినం."

"కొండ మీద మ్యూజియం చూశారా తాతా?"

"నేనొక్కపారి వోయిన. మా నాయిన అయితే నీళ్ళు రాకముందు సూసిండు. లోయల నడ్సుకుంట తిరిగిండంట. గుళ్ళు, రాతి స్తంభాలు, పొలాలు... పెద్ద ఊరు ఉండె అనేటోడు."

మేం నూట యాభై ఏళ్ళనాటి కథ వినట్లేదు. మా ముందు టీ తాగుతున్న మనిషి తండ్రి ఆ లోయలో నడిచాడు. ఇప్పుడు దాని మీద లాంచీలు తిరుగుతున్నాయి.

ఆ లోయ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ పాత స్తంభం ఒకటి చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. స్తూపాలు, విహారాలు, చెక్కిన పాలరాతి పలకలు వరసగా బయటపడ్డాయి. మహాచైత్యంలో బంగారు పెట్టెలో చిన్న ధాతువు దొరికింది. దాన్ని తర్వాత సారనాథ్‌కి ఇచ్చారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ ఇంకొంత తవ్వారు.

క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఇక్కణ్ణుంచి ఏలారు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఇంట్లో ఆడవాళ్ళు బౌద్ధానికి దానాలు చేశారు. మహాచైత్యం పని పూర్తి చేయించింది రాజు కాదు, శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, వాళ్ళ సంప్రదాయం వెలుగు చేరిన దేశాలని వరసపెట్టి చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రమిళ... ఒక మామూలు గృహిణి మ్యాపు! ఆ శాసనంలోనే కంటకసేల పేరు కూడా ఉంది. అంటే ఇవాళ్టి ఘంటసాల, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఉన్న పాత రేవు. టాలెమీ కూడా దీన్ని రేవుపట్నంగా రాసుకున్నాడు. లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కాబట్టి ఈ కొండల మధ్య నుంచి నది వెంట తీరం దాకా పదిహేడు వందల ఏళ్ళ కిందటే రాకపోకలున్నాయి. మనం సాగర్ నుంచి మాచర్ల మీదుగా కోస్తాకి కారులో దిగుతూ అదేదో మనమే కనిపెట్టిన రూటులా ఫీలవుతాం.

డ్యామ్ ఖాయమయ్యాక 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ మళ్ళీ దిగింది. ఈసారి గడువుతో. మన ప్రాజెక్టులకి డెడ్‌లైన్ అంటే క్లయింటుతో మాట్లాడి రెండు వారాలు జరుపుకునే తేదీ. ఇక్కడ ఆ తేదీ నది. కట్ట లేస్తూ ఉంటే నీళ్ళు వస్తాయి, ఎక్స్‌టెన్షన్ ఉండదు. 1960 దాకా ఆరేళ్ళు లోయంతా తవ్వారు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా అన్నీ తేలాయి. ముప్ఫైకి పైగా బౌద్ధ కట్టడాలు, కార్తికేయుడి గుడి, శివాలయాలు, నది ఒడ్డున రాతి స్నానఘట్టం, మెట్ల మెట్ల రంగస్థలం.

ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కింద మునిగే అబూ సింబెల్ కథ అందరికీ తెలుసు. యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది 1960లో. ఆ గుడిని కోసి పైకెక్కించింది 1964 నుంచి 1968 మధ్య. ప్రపంచం అటు చూడటం మొదలుపెట్టేసరికి మనవాళ్ళు ఇక్కడ ఆరేళ్ళ పని ముగించారు. దాని గురించి ఏ డాక్యుమెంటరీ ఛానలూ గంటసేపు ప్రోగ్రాం వెయ్యదు. నా మటుకు నాకు, తెలుగునేల మీద జరిగిన అతి పెద్ద మైగ్రేషన్ ప్రాజెక్టు ఇదే. అన్నీ తరలించలేరు కదా. ఏవి ప్రొడక్షన్‌కి, ఏవి ఆర్కైవ్‌కి, ఏవి డిలీట్‌కి అని తేల్చాలి. తొమ్మిది కట్టడాల్ని విప్పి కొండ మీద మళ్ళీ పేర్చారు. రంగస్థలాన్నీ, విహారాన్నీ కుడిగట్టున అనుపు దగ్గర నిలబెట్టారు. కొన్నిటికి నమూనాలు చేశారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. లోయ చుట్టూ ఉన్న కొండల్లో ఒక కొండ ద్వీపమైంది.

అనుపు రంగస్థలంలో ఇప్పుడు కుర్రకారు రీల్స్ చేస్తుంటారు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే శబ్దం చుట్టూ తిరిగి వస్తుంది. బాగుంటుంది, చేసుకోనీండి. అది కట్టిందే నలుగురూ కూర్చుని చూడటానికి.

కానీ అసలు నల్లగొండ వైపు సంగతేంటి? ఇది నన్ను బాగా తొలిచిన ప్రశ్న. నాగార్జునకొండ లోయకి ఎదురుగా, నదికి ఇవతల గట్టున ఏలేశ్వరం ఉండేది. ఇక్ష్వాకుల నాటికే పట్నం. తర్వాతి కాలంలో శైవక్షేత్రం, శ్రీశైలానికి ఉపద్వారాల్లో ఒకటి. అక్కడ కూడా మునగకముందు తవ్వారు. కేంద్రం కాదు, రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వించి పుస్తకం రాశారు. ఏలేశ్వరం పేరు చెప్తే మా కారులో నలుగురిలో ఒక్కడికి కూడా తెలీదు, వాళ్ళలో ఇద్దరు నల్లగొండ వాళ్ళే. ఒకే నది, ఒకే నీటిమట్టం, ఎదురెదురు గట్లు. ఒక గట్టుకి ద్వీపం, మ్యూజియం, లాంచీ. రెండో గట్టుకి లైబ్రరీలో ఒక పుస్తకం, నీళ్ళ మధ్య మిగిలిన గుట్ట మీద మల్లన్న గుడి. అక్కడి పాలరాతి పలకల అందం ఇక్కడ లేకపోవచ్చు, బుద్ధుడంటే జపాన్ నుంచి కూడా వస్తారు, నిజమే. 2022 మేలో ఎడమగట్టున బుద్ధవనం తెరిచారు, పెద్ద స్తూపం, చక్కటి తోటలు. అన్నీ కొత్తవి. ఇవతలి గట్టున అసలుది ఒకటి మునిగి ఉందని ఏలేశ్వరం వైపు చెయ్యి చూపించే బోర్డు మాత్రం నాకు కనపడలేదు.

ఇక మనుషుల ఊళ్ళు. తవ్వకాలనాటికి ఆ లోయ ఖాళీగా లేదు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. పదిహేడు వందల ఏళ్ళనాటి విహారానికి నంబరు వేసి ఇటుక ఇటుకా పైకి మోశారు. అరవై ఏళ్ళ కిందటి ఇళ్ళకి మ్యూజియంలో, నేను చూసినంతలో, ఒక మూల కూడా లేదు. ఎగువన శ్రీశైలం డ్యామ్ నిండినప్పుడు, 1981లో, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళకి ఇదే జరిగింది. అక్కడా గుళ్ళని తరలించారు. అలంపురంలో కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి అలా వచ్చిందే.

సరే, నేచర్ దగ్గరికి వద్దాం. ఎత్తిపోతల చంద్రవంక వాగు మీద ఉంది, 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వాగు కాబట్టి వానాకాలం సంగతి వేరు. మిగతా కాలంలో కూడా నీళ్ళుండేది సాగర్ కాలవల నుంచి వదలడం వల్ల. కింద మడుగులో మొసళ్ళ పెంపక కేంద్రం. అంటే కుళాయి తిప్పితే వచ్చే జలపాతం కింద మనం పెంచిన మొసళ్ళు. ఇది వెటకారం కాదు, ఆ మొసలి గట్టెక్కి నోరు తెరిచి పడుకున్నప్పుడు నిజంగానే గుండె ఆగినంత పనవుతుంది. దాని సొగసు దానిదే.

అడవి కథ ఇంకా పెద్దది. నల్లమల ఎప్పట్నుంచో ఉంది, పులి కూడా. ఫరహాబాద్ నిజాంల షికారు అడవి. ఆ కాలంలో పులిని చంపడానికి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు చూడటానికి జీపెక్కుతున్నాం. 1978లో అభయారణ్యం ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. పేరేమో 'నాగార్జునసాగర్-శ్రీశైలం'. పులికి ఇంటిపేరుగా రెండు డ్యాములు! 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు ముక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్కలు, కణుజు, కొండగొర్రె అన్నీ ఉన్నాయి. కుందేలంత ఉండే మూషిక జింకలు తగ్గిపోతే, హైదరాబాదు జూలో సీసీఎంబీ వాళ్ళతో కలిసి పెంచి, 2017 నుంచి ఇక్కడ వదులుతున్నారు. అడవిలో కనిపించే జింక అమ్మమ్మ బహదూర్‌పురాలో పుట్టి ఉండొచ్చన్న మాట.

ఆ అడవిలో పులి కంటే ముందు గుర్తొచ్చేది చెంచులు. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ళ పెంటల్లో ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. పెంట అంటే వాళ్ళ గూడెం. గడ్డలు తవ్వుకుని, తేనె దింపుకుని, పొలం గట్ల గొడవ లేకుండా బతికినవాళ్ళని అందులో చూస్తాం. ఆ తర్వాత రిజర్వ్ వచ్చింది, కోర్ ఏరియా అన్నారు. పెంటల్ని బయటికి తరలించే మాట ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. ఇంకోపక్క నల్లమలలో యురేనియం వెతుకుతామన్నారు. సాగర్ పక్కనే లంబాపురం-పెద్దగట్టు యురేనియం గని మీద 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం ఎదురుతిరిగారు. 2019లో అమ్రాబాద్ వైపు గొడవ పెద్దదై, సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేసింది. నాకు అర్థంకానిదొకటే. చెంచు కుటుంబం ఉంటే అడవికి ఇబ్బంది అనే లెక్క ఎవరు వేశారో గానీ, అదే లెక్కలో డ్రిల్లింగ్ మిషన్ ఎలా పాసైంది?

మా సఫారీకి గైడుగా వచ్చిన కుర్రాడు చెంచు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇసుకలో ఒకచోట జీపు ఆపించి దిగాడు.

"రాత్రి పోయింది అన్నా. ఆడపులి. ఇగో, మడమ సూడు."

మాకు గుంట తప్ప ఏమీ తెలియలేదు. తను చెప్పాక కూడా ఐదు నిమిషాలు పట్టింది. వ్యూపాయింట్ దగ్గర మావాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే, అవతలి లోయ చూపించి మెల్లగా అన్నాడు.

"మా తాత వాళ్ళ పెంట అటుండె. ఇప్పుడు ఎవ్వరం లేం. తేనె కాలంల మాత్రం పోతం."

దాని పేరేంటని అడిగితే చెప్పాడు. ఫోన్ తీసి మ్యాపులో వెతికాను. ఆ చోట పచ్చరంగు తప్ప ఏమీ లేదు. పేరు ఎలా రాయాలో తననే అడిగి, అక్షరం అక్షరం రాసుకున్నాను.

మన్ననూరు గేటు రాత్రి 9కి మూసేస్తారు, పొద్దున 6 దాకా అడవి దారిలో బండ్లు పోనివ్వరు. మేం ఎనిమిదిన్నరకి దాటాం. వెనకాల శ్రీశైలం వైపు పోయే కార్లు హారన్లు కొడుతూ బారులు తీరి ఉన్నాయి.